తెల్లపిడి రివాల్వరు

ఆ ఉదయం గొడవ కాఫీ ఫిల్టరు దగ్గర మొదలైంది.

పాత ఇత్తడి ఫిల్టరుకు బదులు చలపతిరావు కొత్తది తెచ్చాడు. కొత్తదంటే అతను ఒప్పుకోడు. అది పాతదేనట, కాకపోతే ఇప్పుడు మళ్ళీ విడుదలైందట. డబ్బా మీదా అలాగే ఉంది: "మీ అమ్మమ్మ ఫిల్టరే, మళ్ళీ మీ ఇంటికి." హైమవతి అమ్మమ్మ జన్మలో కాఫీ తాగలేదు. ఆ సంగతి ఆమె చెప్పలేదు. పొడి వేసి, నీళ్ళు పోసి, గడియారం చూసుకుంది. పాత ఫిల్టర్లో డికాక్షను దిగడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టేది. ఇందులో నాలుగు నిమిషాలకే దిగిపోయింది, గ్లాసు అవతల పెట్టిన వేలు ఇవతలికి కనిపించేంత పలచగా.

"చిల్లులు పెద్దవి," అంది.

"అవే చిల్లులు. కంపెనీవాళ్ళు పాత డ్రాయింగు చూసి చేశారు."

"డ్రాయింగు చూసి చేశారండీ. ఫిల్టరు చూసి చెయ్యలేదు."

చలపతిరావు ఆ పలచటి కాఫీని కళ్ళు మూసుకుని తాగి, చిన్నతనం గుర్తొచ్చిందన్నాడు. పాతది పాతసామాన్లవాడికి వేసెయ్యమన్నాడు. సరేనని హైమవతి దాన్ని తోమి, తుడిచి, బియ్యం డబ్బా వెనక పెట్టింది.

ఈ పిచ్చి ఆయనొక్కడిదే అయితే ఎలాగో సర్దుకునేది. రేవుపాలెం మొత్తానికీ పట్టింది. మెయిన్ రోడ్డులో మిఠాయి కొట్టతను "1962 నాటి రుచి, గత నెల నుంచి" అని బోర్డు పెట్టాడు. చలపతిరావు పనిచేసే జూనియర్ కాలేజీలో తోటి లెక్చరరు పాతకాలం స్కూటరు కొత్తది కొన్నాడు. దాన్ని స్టార్టు చేసేముందు ఓ పక్కకి వంచాలి. వంచాల్సిన అవసరమేమీ లేదు గానీ, కంపెనీవాళ్ళు ఆ అనుభవాన్ని కూడా కలిపి ఇచ్చారు. చలపతిరావు కొన్న ఎనామెల్ గ్లాసులు అంచుల దగ్గర ఫ్యాక్టరీలోనే పెచ్చులూడి వచ్చాయి. ఆరు గ్లాసులకీ ఒకే చోట పెచ్చు ఊడిందని హైమవతి గమనించింది. ఈ మధ్య అతను తండ్రి పడుచుతనపు ఫోటోల్లో ఉన్నట్టు గుబురు మీసం కూడా పెంచాడు. దానికి నల్లరంగు వేస్తున్నాడు.

అదే రోజు పోస్టులో మామగారు నరసింగరావు పేర నోటీసు వచ్చింది.

నరసింగరావుకి ఎనభై రెండేళ్ళు. ఉద్యోగకాలమంతా మన్యంలో టేకు డిపో మేనేజరుగా చేశారు. అడవిలో ఒంటరి కాపురం కాబట్టి డెబ్భై నాలుగులో రివాల్వరుకి లైసెన్సు ఇచ్చారు. దాన్ని ఆయన జీవితంలో ఒక్కసారి పేల్చారు. ఎలుగుబంటి మీద. ఎలుగుబంటి పట్టించుకోలేదు గానీ, ఆ కంగారులో రివాల్వరు రాతిమీద పడి దాని చెక్క పిడి చీలింది. తర్వాత కొన్నేళ్ళకి లోపలి స్ప్రింగు విరిగింది. దాన్ని ఎవరూ బాగుచెయ్యలేదు. అయినా ప్రతి ఆదివారం పొద్దున ఆయన వరండాలో పాత పంచె పరిచి, రివాల్వరు విప్పి, ఒక్కొక్క ముక్కా తుడిచి, నూనె రాసి, మళ్ళీ బిగిస్తారు. గంట పడుతుంది. అత్తగారు పోయి పదకొండేళ్ళయింది. మాత్రలేసుకోండి, స్వెట్టరు తొడుక్కోండి, మెట్టు చూసుకోండి అని ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేని గంట వారం మొత్తంలో ఆయనకి అదొక్కటే. హైమవతికి ఆ సంగతి తెలుసు కాబట్టి ఆ గంటలో వరండా వైపు వెళ్ళదు.

నోటీసు ఆయుధాల లైసెన్సు కచేరీ నుంచి. హైమవతి పైకి చదివింది. "సదరు ఆయుధము యాభై సంవత్సరముల వయఃపరిమితిని అతిక్రమించినందున, పురాతన ఆయుధ నవీకరణ పథకము కింద, అదే మోడలు, అదే వర్ణన గల ఆయుధమును అరవై దినములలోగా కొనుగోలు చేసి, పాత వెర్షనును ధ్వంసము నిమిత్తము అప్పగించవలెను. రికార్డులో ఎట్టి మార్పునకు తావు లేదు."

ధ్వంసమంటే ఏం చేస్తారని నరసింగరావు అడిగారు. పోలీసు మైదానంలో రోడ్డు రోలరు కింద వేస్తారని చలపతిరావు చెప్పాడు. ఆ మోడలు ఈ మధ్యే మళ్ళీ విడుదలైందని, స్వర్ణోత్సవ సంచిక అని, మఖమల్ పెట్టెలో వస్తుందని కూడా చెప్పాడు. ఆ కబురు చెప్పడానికే ఈ నోటీసు వచ్చినట్టు అతని మొహం వెలిగింది.

ఆ ఆదివారం నరసింగరావు రివాల్వరుకి రెండుసార్లు నూనె రాశారు.

*

ముగ్గురూ కలిసి గంగిశెట్టి ఆయుధాల దుకాణానికి వెళ్ళారు. ఇంట్లో దరఖాస్తులన్నీ నింపేది హైమవతే. ఆమె దస్తూరీ బాగుంటుంది, చిన్న అక్షరాలు కూడా చదువుతుంది.

గంగిశెట్టి బల్ల మీద రెండు రివాల్వర్లు పెట్టాడు. ఒకటి అద్దాల బీరువాలోంచి తీసిన అసలు రివాల్వరు, నరసింగరావుదానికి తోబుట్టువు. రెండోది మఖమల్ పెట్టెలోది. మామగారు రెండూ చేత్తో పట్టుకుని చూసి, పెట్టెలోది కిందపెట్టేశారు. బొమ్మలా ఉందని అనలేదు గానీ, పెట్టిన తీరు అలాగే ఉంది. ఆ అసలుదే కొనుక్కుంటే పోలేదా అన్నారు.

"కొనుక్కోవచ్చండి," అన్నాడు గంగిశెట్టి. "కానీ దానికీ యాభై దాటేశాయండి. వచ్చే నెల్లో మీకు మళ్ళీ నోటీసొస్తది. పైగా ఒరిజినల్ కొంటే అది ఒరిజినలేనని మీరే రుజువు చేసుకోవాలండి. దీనికైతే ఒరిజినల్ అని సర్టిఫికెట్టు పెట్టెలోనే ఉంటదండి."

తూటాలేవని చలపతిరావు అడిగాడు. అవింకా పునర్విడుదల కాలేదని గంగిశెట్టి చెప్పాడు. పిడి మాత్రం రెండు రకాల్లో దొరుకుతుంది, గోధుమరంగు చెక్కది ఒకటి, ఏనుగు దంతంలా తెల్లగా మెరిసే ప్లాస్టిక్కుది ఒకటి. చెక్క పిడే ఇమ్మన్నారు నరసింగరావు. దరఖాస్తులో వర్ణన రాయాలి కాబట్టి హైమవతి లైసెన్సు పుస్తకం తెరిచింది. అందులో "తెల్ల పిడి" అని ఉంది.

మామగారి రివాల్వరు సంచీలోనే ఉంది. దాని పిడి కాఫీ గింజ రంగు.

నరసింగరావు కాసేపు ఆలోచించి, గుర్తు చేసుకున్నారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు ఉన్నవాళ్ళు ఆయుధాలు పోలీసు స్టేషన్లో అప్పజెప్పి రసీదు తీసుకోవాలి, ఫలితాలొచ్చాక వెనక్కి తెచ్చుకోవాలి. డెబ్భై ఏడులో మొదటిసారి అప్పజెప్పినప్పుడు చీలిన పిడికి ఆయన డిస్పెన్సరీ నుంచి తెచ్చిన బ్యాండేజీ గుడ్డ చుట్టి ఉంది. హెడ్ కానిస్టేబులు దాన్ని చూసి "తెల్ల పిడి" అని రాశాడు. గుడ్డ ఆర్నెల్లలో ఊడిపోయింది. మాట ఊడలేదు. తర్వాతి రైటర్లందరూ రివాల్వరు వంక చూడకుండా వెనకటి రసీదు వంక చూసి రాశారు, ఎందుకంటే వర్ణన వెనకటి రసీదుతో సరిపోవాలని రూలు ఉంది. ఆయుధంతో సరిపోవాలని ఎక్కడా లేదు. అలా ఇరవై రెండు ఎన్నికలు గడిచాయి. లైసెన్సు పుస్తకం కొత్తది ఇచ్చినప్పుడు కచేరీవాళ్ళు రసీదు చూసి అందులోనూ అదే ఎక్కించారు.

ఒక్క మాట దిద్దించుకుంటే సరిపోతుంది కదా అనుకుని కచేరీకి వెళ్ళారు.

*

సూపరింటెండెంట్ త్రిమూర్తులు మర్యాదస్తుడు. ముగ్గురికీ కుర్చీలు వేయించి, సంగతంతా విని, ఇరవై రెండు రసీదులూ వరసగా పరిచాడు. ప్రతిదాంట్లోనూ తెల్ల పిడే. అప్పుడు సంచీలోంచి తీసిన రివాల్వరుని కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"ఇది రికార్డులోని ఆయుధం కాదండి," అన్నాడు.

ఇరవై రెండు పర్యాయాలు ఇరవై రెండుమంది బాధ్యతగల ఉద్యోగులు ధ్రువీకరించిన విషయాన్ని ఒక వస్తువు కాదన్నంత మాత్రాన కాదనలేమని ఆయన విశదీకరించాడు. రికార్డు మూలమని, వస్తువు దానికి అనుబంధమని, రెండింటికీ తేడా వచ్చినప్పుడు అనుబంధమే సర్దుకోవాలని, ఇది కచేరీ పుట్టినప్పటి నుంచీ ఉన్న విధానమని చెప్పాడు.

"అయితే అసలుది ఎక్కడున్నట్టండీ?" అని చలపతిరావు అడిగాడు.

"గంగిశెట్టిగారి దుకాణంలో ఉందన్నారు కదా. కొని తెచ్చుకోండి."

తర్వాత ఆయన గొంతు తగ్గించాడు. బల్ల మీదున్నది ఆయుధమే అయితే, రికార్డులో లేదు కాబట్టి అది అక్రమాయుధం. అంటే కేసు పెట్టాలి. నరసింగరావు చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. ఆయుధ నిపుణుణ్ణి పిలిచారు. అతను కిటికీలోంచి ఆకాశానికి గురిపెట్టి ఆరుసార్లు మీట నొక్కాడు. ఆరుసార్లూ గోళ్ళు గిల్లుకున్నట్టు చిన్న చప్పుడైంది. పేలే లక్షణం లేనందున ఇది ఆయుధం కాదని నిపుణుడు తేల్చాడు. త్రిమూర్తులు కొంచెం నిరాశపడ్డట్టు కనిపించాడు.

"ఆ మాట కాగితం మీద రాసిస్తారా అండీ?" అని అడిగింది హైమవతి.

రాయడమంటే త్రిమూర్తులుకి ఇష్టం. "సదరు వస్తువు ఆయుధము కాదని, ఆయుధాకృతి గల ఇనుప వస్తువు మాత్రమేనని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని రాసి, సంతకం చేసి, ముద్ర వేశాడు. అయితే ఫైలు మూసేదాకా ఆ ఇనుప వస్తువు కచేరీ సంరక్షణలోనే ఉండాలన్నాడు. దానికొక అట్టముక్క కట్టి బీరువాలో పెట్టారు. బీరువా తలుపు పడేదాకా నరసింగరావు అటే చూశారు.

*

వారం తిరిగేసరికి చలపతిరావు తెల్లపిడి రివాల్వరు కొన్నాడు. కాలేజీలో స్టాఫ్ రూముకి మఖమల్ పెట్టె మాత్రం తీసుకెళ్ళి చూపించాడు. లోపలి వస్తువు లేకపోయినా అందరూ మెచ్చుకున్నారట.

దాన్ని రికార్డులో ఎక్కించడానికి మళ్ళీ ముగ్గురూ వెళ్ళారు. త్రిమూర్తులు పిడిని చూశాడు, రసీదులు చూశాడు, పిడిని మళ్ళీ చూశాడు. ఇన్నేళ్ళ సర్వీసులో రికార్డుతో ఇంత చక్కగా సరిపోయిన ఆయుధాన్ని చూడలేదని, ఇదే డెబ్భై నాలుగు నాటి అసలు ఆయుధమనడానికి సందేహం అక్కర్లేదని అన్నాడు. ఆ మాట కూడా హైమవతి రాయించుకుంది.

"ఇక లైసెన్సుదారు పోలిక చూడాలి," అని ఆయన పుస్తకంలో ఫోటో తీశాడు.

ఫోటో ముప్పై ఏళ్ళ కిందటిది. ప్రతి రెన్యువల్‌కీ కొత్త ఫోటో పాత ఫోటోతో సరిపోవాలన్న నిబంధన ఉండటంతో, నరసింగరావు ఒకే నెగెటివ్ నుంచి కాపీలు తీయించి ఇస్తూ వచ్చారు. అందులో ఆయనకి యాభై రెండేళ్ళు. నిండు జుట్టు, గుబురు నల్ల మీసం. త్రిమూర్తులు ఫోటో చూసి, ఎదురుగా ఉన్న బట్టతల, తెల్లమీసం చూసి, పక్కనున్న చలపతిరావుని చూశాడు. చలపతిరావుకి యాభై రెండేళ్ళు. రంగు వేసింది నిన్నే.

"వీరే లైసెన్సుదారు," అన్నాడు.

"ఆయన మా నాన్నగారండీ. నేను కొడుకుని."

"ఆ సంబంధం ఈ విభాగం పరిధిలోకి రాదండి. పోలిక వరకే మా బాధ్యత."

నరసింగరావు ముందుకు వంగారు. "మరి నేనెవర్నండీ?"

త్రిమూర్తులు ఆయన్ని చాలా గౌరవంగా, చాలాసేపు చూశాడు. "తమరు లైసెన్సుదారుని కొంతవరకు పోలిన వ్యక్తి," అన్నాడు. రాసి, ముద్ర వేసి ఇచ్చాడు.

అన్నీ సవ్యంగా జరిగాయనుకునేసరికి పద్నాలుగో గడి దగ్గర ఫైలు ఆగింది. "ధ్వంసము నిమిత్తము అప్పగించిన పాత వెర్షను" అని ఆ గడి పేరు. అక్కడేం రాయాలి? ఇనుప వస్తువు ఆయుధం కాదు కాబట్టి అది పాత వెర్షనూ కాదు. పాత వెర్షను లేకుండా ఫైలు మూయడానికి వీల్లేదు. ఇంకో తొమ్మిది రోజుల్లో, పై వారం సోమవారంతో అరవై రోజులూ పూర్తవుతాయి. ఆలోగా గడి నిండకపోతే, ఫైలుకు సంబంధించి కచేరీ సంరక్షణలో ఉన్నవన్నీ, అట్టముక్క కట్టినవి, కట్టనివి, మొత్తం ఒకే విడతలో రోలరు కిందికి వెళ్తాయని త్రిమూర్తులు విచారంగా చెప్పాడు. తనకి వ్యక్తిగతంగా ఎవరి మీదా ఏమీ లేదన్నాడు.

తిరిగొస్తూ ఆటోలో ఇంటి మలుపు దగ్గర నరసింగరావు, "కొంతవరకా," అన్నారు.

మర్నాడు ఆదివారం. ఆయన అలవాటు ప్రకారం వరండాలో పంచె పరిచి, నూనె డబ్బా, గుడ్డముక్కలు సర్దుకుని కూర్చున్నారు. చలపతిరావు మంచిమనసుతోనే తెల్లపిడిది తెచ్చి ముందు పెట్టాడు. దాన్ని విప్పడానికి మరలు లేవు. విప్పితే గ్యారంటీ పోతుందని పెట్టెలో రాసి ఉంది. నరసింగరావు దాని పిడి మీద పడ్డ దుమ్ము ఒకసారి తుడిచి, పక్కన పెట్టి, గంటసేపూ వీధి చూస్తూ కూర్చున్నారు. తర్వాత లేచి, పంచె మడిచి, ఇక మీదట ఇది పరిచే పనిలేదు, మసిగుడ్డకి వాడుకో అమ్మాయ్ అని కోడలికి ఇచ్చారు.

హైమవతి పంచె తీసుకుంది. మసిగుడ్డల్లో వెయ్యలేదు. ఆ వారమంతా మధ్యాహ్నాలు భోజనాల బల్ల మీద కచేరీ కాగితాలన్నీ పరుచుకుని, నోటీసు నుంచి మొన్నటి ముద్ర దాకా తేదీల వారీగా చదివింది. పప్పులో రాళ్ళు ఏరినట్టు చదివింది. శనివారం ఒక్కతే కచేరీకి వెళ్ళి, త్రిమూర్తుల్ని ఒకే ఒక ప్రశ్న అడిగి వచ్చింది.

*

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. తోటకూర పులుసు, కందిపచ్చడి, అప్పడాలు. నరసింగరావు ఉదయం నుంచీ గదిలోంచి రాలేదు, పిలిస్తే వచ్చి కూర్చుని అన్నం కెలుకుతున్నారు. రోలరుకి ఇంకా ఒక్క రోజే ఉంది.

పోనీ ఆ రివాల్వరు సంగతి వదిలెయ్యండి నాన్నగారూ అని చలపతిరావు మొదలుపెట్టాడు. దాని ఫోటో ఒకటి పాతకాలంలా పసుపుపచ్చగా వచ్చేట్టు పెద్దది చేయించి, వరండాలో పెట్టిస్తానన్నాడు.

"రేపు పొద్దున పదింటికి మనం కచేరీకి వెళ్తున్నాం," అంది హైమవతి, అతని విస్తట్లో పులుసు వేస్తూ. "పద్నాలుగో గడి నింపేస్తున్నాం."

"దేంతో?"

"తెల్లపిడితో."

చలపతిరావు చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

"రికార్డులో ఉన్న రివాల్వరు డెబ్భై నాలుగులో కొన్నది. రికార్డులో ఉన్నది ఈ తెల్లపిడేనని త్రిమూర్తులుగారు రాసిచ్చారు. అంటే దీనికి యాభై దాటాయి. రోలరు కిందికి వెళ్ళాల్సిన పాత వెర్షను ఇదే."

"అది కొని నెల కూడా కాలేదు హైమా."

"ఆ సంగతి మనకి తెలుసు. రికార్డుకి తెలీదు. నిన్న ఆయన్నే అడిగాను, తెల్లపిడి ఏ సంవత్సరంది అండీ అని. పుస్తకం తీసి చూసి, లేచి నిలబడ్డారు. ఇంత చక్కటి పరిష్కారం తమ విభాగంలో ఎవరికీ తట్టలేదన్నారు. ఫైలు రేపే మూసేస్తారు. మూస్తే బీరువాలో ఇనుప వస్తువు పెట్టుకోడానికి వాళ్ళకి అధికారం ఉండదు. ఆయుధం కాదు కాబట్టి లైసెన్సు అక్కర్లేదు. ఎన్నికలకి అప్పజెప్పక్కర్లేదు. ఎవరింట్లో అయినా ఉండొచ్చు."

నరసింగరావు తలెత్తారు.

చలపతిరావు కాసేపు నోట్లో ముద్ద నములుతూ దారులు వెతికాడు. దీని స్థానంలో మళ్ళీ ఒకటి కొనాలి కదా, నోటీసులో ఉంది కదా అన్నాడు. గొంతులో కొంచెం ఆశ కూడా ఉంది.

"కొంటే ఎక్కించిన రోజునే దానికీ యాభై దాటతాయి. అందుకే లైసెన్సు కూడా తిరిగి ఇచ్చేస్తున్నాం. దరఖాస్తు రాసేశాను. లైసెన్సుదారు సంతకం ఒక్కటే కావాలి." ఆమె అప్పడాల డబ్బా కింద నుంచి కాగితం తీసి భర్త పక్కన పెట్టింది. "మీరే పెట్టాలి. నరసింగరావు అని. మామయ్యగారు కొంతవరకే కదా."

చలపతిరావు తండ్రి వంక చూశాడు. నరసింగరావు మొహంలో చాలా రోజుల తర్వాత డిపో మేనేజరు కనిపించాడు.

"ముందు చెయ్యి కడుక్కో," అన్నారు. "న తలకట్టు కొంచెం పెద్దదిగా పెట్టాలి. చివర్న కింద గీత ఒకటి ఉంటుంది, అడ్డంగా కాదు, కొంచెం పైకి. నేను చెప్తాను."

భోజనం మధ్యలోనే చలపతిరావు చెయ్యీ మూతీ కడుక్కుని వచ్చి, పాత న్యూస్‌పేపరు అంచు మీద తండ్రి సంతకం దిద్దాడు. మొదటి రెండూ బాగా రాలేదు. మూడోది చూసి నరసింగరావు, ఇది నాదానికంటే బాగుంది, అదే పెట్టు అన్నారు. పెట్టాడు. పెట్టి, తడి మీసం తుడుచుకుంటే వేళ్ళకి నల్లరంగు అంటింది.

హైమవతి కాగితం మడిచి పెట్టుకుంది. మామగారు విస్తరి దగ్గరికి లాక్కుని, పులుసు ఇంకాస్త వెయ్యమన్నారు. వేసుకుని, కలుపుకుంటూ, ఆ పంచె ఏం చేశావమ్మాయ్ అని అడిగారు.

"ఉతికి బీరువాలో పెట్టానండి."

"నూనె అయిపోవచ్చింది."

"రేపు వచ్చేటప్పుడు కొందాం. ఇంకో సంగతి," అంది ఆమె ఇద్దర్నీ చూస్తూ. "రేపట్నించి ఈ ఇంట్లో కాఫీ కొంచెం ఆలస్యంగా వస్తుంది. ఇరవై రెండు నిమిషాలు."

చలపతిరావు ఏదో అనబోయి, వేళ్ళకున్న రంగు చూసుకుని, మజ్జిగ పోయమన్నాడు.